మబ్బుకి పొగెట్టిన యర్రయ్య

"నానేటీ గొప్పలు సెప్పుకునే మనిషిని కాదు సోంబరు మావా. నువ్వడిగినావు కాబట్టి సెప్తన్నాను. లంబసింగి పైన మెట్ట మీద మబ్బుకి పొగెట్టినప్పుడు ఆ అగ్గిపుల్ల గీసినది ఇదిగో, ఈ సెయ్యే."

యర్రయ్య కుడిచెయ్యి చాపి, మంట చుట్టూ కూర్చున్న వాళ్లందరికీ చూపించాడు. రెండు వేల ఆరు జనవరి, జి.మాడుగుల సంత రోజు. పొద్దున్న తొమ్మిదైనా సంతలోకి ఎండ దిగలేదు. మంచులో మనుషులు సరిగా ఆనడం లేదు, నెత్తిమీద తట్టలు గాలిలో వాటంతటవే నడిచిపోతున్నట్టున్నాయి. తవిటమ్మ టీ కొట్టు ముందు ఓ మొద్దు రాజుకుంటోంది.

యర్రయ్యది కింద శృంగవరపుకోట. ఇరవయ్యేళ్లుగా ఏజెన్సీ ఘాట్ రోడ్ల మీద సర్వీసు జీపు తోలుతున్నాడు. సోంబరు పక్క కొండ మీద నలభై గడపల గూడేనికి పెద్ద. ఆ మధ్యాహ్నమే గూడెంలో మీటింగుంది. శీతాకాలం మబ్బుల్ని కరిగించి వాన కురిపించే పొగపొయ్యిని మీ కొండ మీద పెడతాం, ఒప్పుకున్నట్టు వేలిముద్రలు వెయ్యండని పట్నం నుంచి మనుషులొస్తున్నారు. ఏడాది కిందట అలాంటి పొయ్యి దగ్గర యర్రయ్య పనిచేశాడని విని, సోంబరు పొద్దున్నే కొండ దిగి వచ్చాడు.

"పెట్టనిస్తే ఏటవుద్ది డ్రైవరు బావూ? అదొక్కటీ సెప్పు" అన్నాడు.

"సెప్తాను, మొదట్నుంచీ సెప్తేగాని తెల్దు. నిరుడు కాదు, అటు మొన్నటేడు డిసెంబరు. నా జీపుకి కిరాయి తగిలింది. లక్ష్మీప్రసాద్ గారని ఓ ఇంజినీరు బావు, కళ్లద్దాలు, మెడకి మఫ్లరు, పాపం సలికి పళ్లు టకటకలాడిపోతన్నాయి. ఎనకాల ఓ ఇనప పొయ్యి, దానికో గొట్టం, డబ్బాల్లో మందు. ఏటి బావూ ఇదంటే, యర్రయ్యా, సీతాకాలం మబ్బులు మన కొండల మీంచి నీళ్లు మోసుకుంటా ఎల్లిపోతన్నాయి, ఒక్క సుక్క రాల్చవు, ఈ మందు పొగెడితే పొగలోని నలుసుల్ని పట్టుకుని సుక్కలు బరువెక్కి రాలతాయి, ఆ నీళ్లు గెడ్డల్లో, వాగుల్లో పడి కింద రిజర్వాయర్లోకి పోతాయి అన్నాడు. నాకు బాగా నచ్చింది. ఉత్తినే పోయే మబ్బుని పిలిసి ఓ ముంత నీళ్లడిగితే తప్పేటి?"

"తప్పేం లేదు" అంది తవిటమ్మ, గ్లాసులు కడుగుతూ.

"ఆ! పొయ్యి పెట్టినారు. అంటుకోదు. ఈదురుగాలి. ఇంజినీరు బావు అగ్గిపెట్టంతా అయిపోగొట్టేసినాడు. నాను ఎల్లి, గాలికి ఎదురుగా ఇలగ నిలబడి, దుప్పటి ఇలగ పట్టి, ఒక్క పుల్ల. ఒక్కటే! బుస్సుమంది. అంతే, అదే నాను సేసింది. గొప్పేటుంది సెప్పు, ఎవడైనా సేస్తాడు."

"అక్కడితో అయిపోయిందా?" అన్నాడు గాసి. కాఫీ తోటలున్న కుర్రరైతు, నవ్వు ఆపుకోవడానికి చుట్ట నోట్లోనే ఉంచుకుంటాడు.

"అయిపోడమేటి! పొగ సన్నగా, జడపాయలాగ పైకి ఎల్లింది. ఎల్లి, సముద్రం వైపునుంచి వస్తన్న ఓ మబ్బుకి తగిలింది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? మబ్బు ఆగింది. ఎవరు పిలిసినారా అన్నట్టు ఇటూ అటూ సూసింది. సూసి, దినమంతా గడ్డి మేసి అలసిపోయిన గేదె ఎలగ ముందుకాళ్లు మడిసి పడుకుంటాదో అలగ మెట్ట మీద పడుకుండిపోనాది. నా గుండెలకాడికి వచ్చింది దాని డొక్క. ఊపిరి పీలస్తంటే పైకీ కిందకీ ఆడతంది. సెయ్యేసి సూసినాను మావా. సల్లగా, మెత్తగా, తడి దూదిలాగ. కాసేపటికి సన్న సినుకు మొదలైంది. అంత సన్న సినుకు నువ్వు సూసుండవు. ఆకు మీద పడితే ఆకుకి తెల్దు."

సోంబరు ముందుకు వంగాడు. "డిసెంబర్లో సినుకంటే కళ్లాల్లో కాఫీ పళ్లు ఎండబెట్టుంటాం గదా. అయ్యేటైనాయి?"

"వస్తన్నాను, అక్కడికే వస్తన్నాను. ఇంజినీరు బావు సీసాలో సినుకులు పట్టి కొలిసినాడు. యర్రయ్యా, ఇంకొంచెం కావాలి, ఓ చిటికెడు మందెయ్యి అన్నాడు. మా ఇంట్లో చిటికెడంటే మా రత్నాలు చిటికెడు. అది చిటికెడు ఉప్పేస్తే కూర పక్కింటోళ్లకీ సరిపోద్ది. ఆ లెక్కన మూడు దోసిళ్లేసినాను."

తవిటమ్మ పకపకా నవ్వింది. "రత్నాలు ఇక్కడ లేదు కాబట్టి సరిపోయింది."

"నవ్వకు అప్పా, అక్కడే మొదలైంది. ఒకటి కాదు, పద్నాలుగు మబ్బులు. వరసగా, సంతకొచ్చే ఆడోళ్లలాగ ఒకదాని ఎనక ఒకటి, కొండ వంపులెంట ఎక్కి వస్తన్నాయి. లోయలన్నీ నిండిపోనాయి. రోడ్డు నేదు, సెట్టు నేదు, ఊరు నేదు. తెలుపు. ఇంజినీరు బావు డబ్బాలు తెమ్మన్నాడు, సింతపల్లి ఎల్లాల. ఎలగెల్తాను? జీపు స్టార్టు సేసి, దేవుడా అనుకొని కదిలించినాను. రెండు గజాలెల్లేసరికి టైర్ల కింద గతుకులు పోనాయి. సప్పుడు పోయింది. ఏటిరా ఇది అని తల బైటికెట్టి కిందకి సూస్తే, మావా, నాను రోడ్డు మీద లేను. మబ్బు మీదున్నాను."

గాసి చుట్ట తీశాడు. "జీపుతోనా?"

"జీపుతోనే. సిల్వరోకు సెట్ల కొనలు అడుగున సర్రు సర్రుమని రాసుకుంటన్నాయి. గేరు మార్చబుద్ధి పుట్టనేదు, ఆ సప్పుడుకి సెదిరిపోద్దేమోనని. పైన ఎండ. ఎంత ఎండనుకున్నావు! వెచ్చగా, పచ్చగా, మనిసన్నోడు ఎవడూ ఇంకా వాడని ఎండ. కిందెక్కడో కోడి కూసింది. ఎవరో తిరగల్లో సోళ్లు ఇసురుతున్నారు, ఆ సప్పుడు మబ్బులోంచి బుడగలాగ పైకి తేలి వచ్చి, నా సెవి పక్కన పగిలింది. పాట పాడతందా ఇసురుతున్న మనిసి? పాడతంది. మాటలు తెలీలేదు గాని పాటే. నాకు సింతపల్లి ఎల్లాలనే నేదు మావా. అలగే ఎల్లిపోదామనిపించింది. ఎక్కడికని అడక్కు."

మంట మీద తేమ కట్టె ఒకటి చిటపటమంది. అప్పుడే ఒకావిడ రాజ్మా తట్ట దించి, బల్ల చివర కూర్చుంది. తవిటమ్మ అడక్కుండానే ఆమె చేతిలో టీ పెట్టింది. "లంబసింగి దగ్గర గూడెం మనిషి, కనక" అని పక్కవాళ్లకి చెప్పింది. కనక తల ముసుగు సర్దుకుని టీ ఊదుకుంటూ వినసాగింది.

యర్రయ్య ఇంకాస్త గొంతు పెంచాడు.

"మరి ఆ వానకి ఏటేటైందో తెలుసా? కప్పలు! డిసెంబర్లో కప్పలు లేసి బెకబెకమన్నాయి. వలిసెలు కోసేసిన సేలల్లో మళ్లీ మొలిసి మళ్లీ పూసినాయి, కొండ కొండంతా పసుపు నీళ్లు జల్లినట్టు. కాఫీ మొక్కకి పండుండగానే పువ్వొచ్చింది. ఒక కొమ్మకి ఎర్రపళ్లూ తెల్లపూలూ. తేనెటీగలకి మతి పోనాది, ఏ నెలో తెలీక పట్టులోంచి బైటికొచ్చి, మళ్లీ లోపలికెల్లి, ఒకదాన్నొకటి అడుగుతన్నాయి."

"పండుండగా పువ్వొస్తే పై ఏడు కాపు పోద్ది గదా" అన్నాడు సోంబరు.

"పోద్ది, వస్తాది, అది వేరే కత. అసలుది విను. ఆ మందులో వెండుంది మావా."

"వెండా?" సోంబరు గ్లాసు కింద పెట్టాడు. "వెండి వానలో కలిసి గెడ్డలో దిగితే, పసువులు తాగితే? మా ఆడగుంటలు బిందెలతో ఆ నీళ్లే తెస్తారు."

"కలిసింది. కలిస్తే ఏటైంది? సేపలు! పొలుసు పొలుసూ తళతళా. అద్దం అక్కర్నేదు, సేపని పట్టుకుని తల దువ్వుకోడమే. గేదెలు తాగితే కొమ్ములకి పూత పడింది. గుంటలు గెడ్డ దాటడానికి కాలెట్టి తీస్తే, కాలికి కడియం! మువ్వలొక్కటే నేవు. ఓ ముసలామె దినమూ అక్కడే కూకుండి నడుందాకా ములిగింది, వడ్డాణం కోసరం."

గాసి పొట్ట పట్టుకున్నాడు. చుట్టుపక్కల నుంచి మరో అయిదారుగురు చేరారు. సోంబరు మాత్రం నవ్వలేదు. "మా గెడ్డ సన్నది. వేసవికి మోకాలి కిందే. దాన్లో ఏటి కలిసినా ఎక్కువే" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

"ఉండు మావా, కొండ ఎనకాలోళ్ల సంగతి సెప్పనేదు నీకు. మనకి పద్నాలుగు మబ్బులూ ఇటే కూకున్నాయి గదా, ఎనకాల కొండలకి ఏటి మిగిలింది? ఆకాసం. ఉత్త ఆకాసం. మూడో దినం సూస్తే, కావిళ్లకి కాళీ కుండలు కట్టుకుని నూరుమంది వస్తన్నారు. కొట్టడానికి కాదు. తగువు తీర్చమనడానికి. ముందున్న పెద్దాయన సెప్పినాడు, బాబూ, యేటా ఈ నెలలో మా రాజ్మాకి మంచు పడద్ది, ఆ తడికే గింజ నిండద్ది. ఈ ఏడు పడలేదు. మా మంచు మీరు పట్టేసుకున్నారు, ఇచ్చేయండి. ఇంజినీరు బావు కళ్లద్దాలు తుడుసుకుంటన్నాడు. మా కాగితాల్లో ఆ కొండలు లేవండీ అంటాడు. కాగితంలో నేకపోతే మనుషులు ఉండరేటి?"

"న్యాయమే గదా ఆళ్లడిగింది" అన్నాడు సోంబరు.

"న్యాయం కాబట్టే నాను లేసినాను. అడ్డతీగ తెప్పించి, మూడు పేటల మోకు పేనించి, పడుకున్న మబ్బుల్లో పెద్దదాని మెడకేసినాను. రెండో కొస జీపుకి కట్టినాను. ఫస్టు గేరు. కదల్దు. ఇంకొంచెం. కదిలింది. కదిలి, నడిమికి సగమై, ఓ ముక్క నా ఎనకాల వచ్చేసింది. ఘాట్లో మలుపు మలుపుకీ ఆపుకోడమే. ఎందుకు? సింతకొమ్మ తగిలితే సిరిగిపోద్ది. మా జీపు ఎనకాల మబ్బు ముక్క, దాని ఎనకాల నూరుమంది కాళీ కుండలు మోసుకుని, ఒక్కడు మాటాడ్డు. ఎంత నెమ్మదిగా ఎల్లామంటే దారిలో అడవికోళ్లు లేసిపోలేదు. అయితే సగం దూరం ఎల్లాక ఆ ముక్క అరిసింది."

"మబ్బు అరిసిందా?" అంది తవిటమ్మ. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు.

"అరిసింది అప్పా. తల్లినొదిలి సంతకి తోలుకెల్తన్న దూడ ఎలగ అరుస్తాదో అలగ. ఎనక మెట్ట మీద పెద్దది బదులు పలికింది. నాకు సేతులాడలేదు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్సినాను. కాని కుండలున్నాయి గదా. తీసుకెల్లినాను. గడపకో గంపెడు సొప్పున పంచినాను. సూరుకింద కట్టుకున్నారు, సుక్క సుక్కా దిగేలాగ."

మంచు కాస్త పల్చబడి మళ్లీ ముసురుకుంది. ఎవరో కట్టెలు ఎగదోశారు.

"తిరిగి మెట్ట దగ్గరికి వచ్చేసరికి ఏటైందో తెలుసా? వాన ఆగట్నేదు. ఆపండి బావూ అంటే ఇంజినీరు బావు నేల మీద కూలబడి, కురిపించడం సదూకున్నాను గాని ఆపడం మాకు సెప్పలేదు యర్రయ్యా అన్నాడు. మెట్ట మూడు మూరలు కుంగింది, నానిన అటుకులాగ. ఇశాపట్నం నుంచి కబురొచ్చింది, సముద్రం మోకాల్లోతుకి దిగిపోనాది, ఓడలు బురదలో కూకున్నాయి, నీళ్లన్నీ మీ మీదే పోసుకుంటన్నారట, ఇదేం పని అని. ఇంక నానే ఎల్లాల. పొయ్యి మీద తడి గోనె కప్పినాను. పొగ ఆగింది గాని, అప్పటికే లేసిన పొగ తాడిసెట్టులాగ నిటారుగా నిలబడుంది. జీలుగు సెట్టెక్కేవాడి బందం ఒకటి కాళ్లకి తగిలించుకుని, ఆ పొగనెక్కినాను."

"పొగనా?" గాసి లేచి నిలబడ్డాడు.

"కొంచెం జారుతాది. అలవాటైతే పర్లేదు. ఎక్కి ఎక్కి పైకి తేలితే, అక్కడ, మావా, ఎలగ సెప్పను నీకు. ఎటు సూసినా తెల్లటి బయలు. గాలి నేదు. మన కొండలన్నీ సిన్న సిన్న దిబ్బల్లాగ తలలు మాత్రం పైకెట్టుకుని పడుకున్నాయి. ఆ పెద్ద మబ్బు అక్కడుంది, అలిసిపోయి. ఈపు మీద సెయ్యేసి రాసినాను. అమ్మా, ఇంక ఎల్లిపోమ్మా, తప్పు మాదే, ఉత్తినే పోతన్నదాన్ని పిలిసినాము అన్నాను. దారి మర్సిపోనాను అంది. తూరుపుకి తిప్పి, అదిగో ఆ మెరుస్తన్నది సముద్రం అని సూపించినాను. కదిలింది. ఎనకాల కొండలోళ్ల సూరుల్లోంచి ముక్కలన్నీ లేసొచ్చి దాని పొట్టలో కలిసిపోనాయి. ఎల్లిపోతా ఎల్లిపోతా ఒక్కసారి ఎనక్కి తిరిగింది. మొన్న డిసెంబర్లో లంబసింగి మీద దట్టంగా మంచు దిగింది గదా? అది మంచు కాదు. అదే. ఏడాదికోసారి నన్ను ఎతుక్కోడానికి వస్తంది."

తవిటమ్మ కళ్లు కొంగుతో ఒత్తుకుని, పొగ మీద నెపం పెట్టింది. గాసి అలాగే నిలబడి కొండల వైపు చూస్తున్నాడు. యర్రయ్య మొహం వెలిగిపోతోంది. ఆ క్షణాన అతనూ నమ్మాడు.

సోంబరు నెమ్మదిగా లేచాడు. "డ్రైవరు బావూ, నేను సదూకోలేదు. నువ్వు మంచి మనిషివి, అక్కడ ఉన్నోడివి. మజ్జాన్నం మా మీటింగుకి వచ్చి, పట్నపోళ్ల ముందు ఇదంతా సెప్పు. వెండి సంగతీ, ఎనకాల కొండల సంగతీ, ఆపడం రాని సంగతీ. నీ మాట మీదే వేలిముద్ర ఎయ్యాలో మానాలో తేలుస్తాం. నలభై గడప."

యర్రయ్య మంటకి కాస్త వెనక్కి జరిగాడు. "నానా? మీటింగులోనా?"

"నువ్వే గదా సూసింది."

బల్ల చివర్నుంచి కనక అడిగింది. "డ్రైవరు బావూ, ఆ మెట్ట మీదకి జీపు దారి ఎటునుంచి?"

"ఎటునుంచంటే, ఇటు, సింతపల్లి రోడ్డు..."

"లేదు బావూ. దారే లేదు. పొయ్యిని ముక్కలు సేసి ఆరుగురం మోసినాం. నేనూ, మా ఆయన బుధూ, ఇంకో నలుగురు. నువ్వు కింద రోడ్డు మీద జీపులోనే ఉన్నావు. మూడు దినాలూ. అద్దాలెత్తుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని. నీకు అంబలి తెచ్చిచ్చింది నేనే. గుర్తు లేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. గాసి బల్ల చరిచి మరీ నవ్వాడు. "పొగనెక్కినోడు జీపు దిగలేదా!"

కనక నవ్వలేదు. "రెండు దినాలు పొయ్యి అంటుకోలేదు. మూడో దినం అంటుకుంది, వాన పడింది. మేము ఎగిరినాం. కాని ఆ దినం పొయ్యి లేని పాడేర్లోనూ పడింది. అరకులోనూ, నర్సీపట్నంలోనూ పడింది. వాయుగుండమట. మీ పొగకి పడిందా, దానంతటదే పడిందా అని ఇంజినీరు బావుని నేనే అడిగినాను. మంచోడు, అబద్ధం ఆడలేదు. తెలీదమ్మా అన్నాడు. ఎనకాల కొండలకి తగ్గిందా అంటే అదీ తెలీదన్నాడు. గెడ్డ నీళ్లు ముందూ ఎనకా పట్టి సూసినారా అంటే, ఆ పని మాకు సెప్పలేదన్నాడు." ఆమె గ్లాసు కింద పెట్టింది. "మా కళ్లంలో కాఫీ అయిదు దినాలు తడిసి బూజు పట్టింది. నాకు తెలిసింది అదొక్కటే."

సోంబరు ఆమె పక్కకి వచ్చి కూర్చున్నాడు. "తల్లీ, అయితే మేం పట్నపోళ్లని ఏటేటి అడగాల? నీళ్లు ముందూ ఎనకా పట్టాలి. ఎనకాల కొండలోళ్లని పిలవాలి. ఇంకోటేటి?"

"కోతలయ్యేదాకా ఆగాలి."

"అవి ఒప్పుకునేదాకా వేలిముద్ర ఎయ్యం" అన్నాడు సోంబరు. "నువ్వొస్తావా మీటింగుకి?"

"రాజ్మా అమ్ముకుని వస్తాను" అంది కనక.

యర్రయ్య తల వంచుకుని నిప్పులు చూస్తున్నాడు. అతన్ని ఏడిపించడానికి గాసి ఏదో అనబోతే తవిటమ్మ కళ్లతోనే వారించింది. యర్రయ్య తల ఎత్తాడు. గొంతు చిన్నగా వచ్చింది.

"సలి జొరం కనకా, అప్పుడు. ఎక్కలేకపోనాను. కిందనుంచి సూస్తే మెట్టంతా తెల్లగా, మీరందరూ అందులోకి ఎల్లిపోనారు. పైన ఎలగుందో అని మూడు దినాలూ అదే అనుకుంటా పడుకున్నాను." కనక వైపు తిరిగి అడిగాడు. "ఎలగుంటాది పైన?"

కనక ఆలోచించింది.

"సూడ్డానికేటుంటది బావూ. తెల్లగా ఉంటది. నా సెయ్యి నాకు కనపడలేదు. బుధు ఆరడుగుల దూరంలో ఉన్నాడో లేడో తెలీలేదు. దగ్గినాడు. ఉన్నాడులే అనుకున్నాను."

యర్రయ్య తలూపాడు. దానికి ఒక్క మాట కూడా కలపలేదు.